పొద్దున లేవగానే గుండెలో దడ... సొంతంగా పనిచేసుకునేవాళ్లు మొదటి గంట ఎలా గడుపుతున్నారు?

సగంగీత | సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మీ పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. నేను బొమ్మలు వేస్తాను. ఎక్కువగా పిల్లల పుస్తకాలకి, అప్పుడప్పుడు పత్రికలకి. ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టి మూడేళ్లయింది. పనికి లోటు లేదు. నా గొడవంతా పొద్దుటి పూటతోనే.

అలారం ఫోన్‌లోనే ఉంటుంది. ఆపడానికి ఫోన్ చేతిలోకి తీసుకుంటానా, రాత్రి వచ్చిన మెసేజ్‌లు వరసగా కనబడతాయి. "చిన్న మార్పే అండీ" అని ఒకరు. "ఈరోజు ఎన్నింటికల్లా ఇస్తారు?" అని ఇంకొకరు. అప్పటికి ఇంకా దుప్పట్లోనే ఉంటాను, ఒక కన్ను సరిగ్గా తెరుచుకోదు, కానీ మనసులో జవాబులు రాసేస్తూ ఉంటాను. లేచేసరికి దడ. ఆ దడతోనే పళ్లు తోముకోవడం, ఆ దడతోనే టేబుల్ ముందు కూర్చోవడం. పదకొండింటికి చూసుకుంటే నాలుగు మెయిళ్లకి జవాబిచ్చి ఉంటాను, ఒకే ఇన్‌వాయిస్‌ని మూడోసారి సరిచేసి ఉంటాను. గీత మాత్రం ఒక్కటీ గీసి ఉండను.

ఆఫీసుకి వెళ్లే రోజుల్లో ఇలా ఉండేది కాదు. అప్పుడు బస్సులో నలభై నిమిషాలు వృథా అని తిట్టుకునేదాన్ని. కిటికీ పక్కన కూర్చుని ఏమీ చేయకుండా బయటికి చూసిన ఆ నలభై నిమిషాలే నన్ను మనిషిని చేసేవని ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు మంచానికీ టేబుల్‌కీ మధ్య పదకొండు అడుగులు. కొలిచాను కూడా.

నెట్‌లో దొరికే మార్నింగ్ రొటీన్లు చూస్తే టెన్షన్ ఇంకా పెరుగుతోంది. మీరు నిజంగా ఏం చేస్తున్నారో చెప్పండి. చేద్దామనుకుంటున్నది కాదు, చేస్తున్నది.


కట్‌పేస్ట్ | సోమవారం, రాత్రి 11:58

పదకొండు అడుగులా? మీరు అదృష్టవంతులండీ. నాది నాలుగు. వీడియో ఎడిటింగ్ సిస్టమ్ మంచం పక్కనే. రాత్రి రెండర్‌కి (ఎడిట్ చేసింది పూర్తి వీడియో ఫైలుగా తయారవడానికి) పెట్టి పడుకుంటాను, పొద్దున కళ్లు తెరిచి మొదట చూసేది అది 100 దాకా వచ్చిందా, మధ్యలో ఎర్రర్ కొట్టి ఆగిపోయిందా అని. ఆగిపోయి ఉంటే ఆ రోజు రోజంతా అంతే.

సలహా ఏమీ లేదు. మీకు తోడున్నాను అని చెబుదామని రాశాను. ఈ థ్రెడ్‌ని ఫాలో అవుతాను.


తెల్లారి_ఐదు | మంగళవారం, ఉదయం 5:06

ఇది నా ఇష్టమైన సబ్జెక్ట్. లోగో డిజైన్ చేస్తాను. రెండేళ్లుగా నా పద్ధతి ఇదీ: 4:50కి లేవడం, రెండు గ్లాసుల నీళ్లు, 20 నిమిషాలు ధ్యానం, 45 నిమిషాలు వ్యాయామం, చన్నీళ్ల స్నానం, డైరీలో మూడు పేజీలు, పది పేజీల చదువు, ఆ రోజు లక్ష్యాలు రాసుకోవడం. ఏడున్నరకల్లా ప్రపంచం నిద్ర లేచేసరికి నేను సగం రోజు గెలిచేసి ఉంటాను. మొదటి వారం కష్టం, ఆ తర్వాత అదే వచ్చేస్తుంది. ప్రయత్నించండి.


అర్ధరాత్రి_రాగం | మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఐదింటికి పైన పోస్టు పెట్టినాయన్ని చూసి నాకు చెమట పట్టింది. నేను అప్పటికి పడుకుని రెండు గంటలు.

నేను చిన్న సినిమాలకి, యాడ్లకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ చేస్తాను. చుట్టుపక్కల సద్దుమణిగితే తప్ప నా చెవి పనిచేయదు. రాత్రి పది నుంచి రెండు దాకా నా అసలు పని. పదేళ్ల పాటు "పొద్దున్నే లేచేవాడే బాగుపడతాడు" అనే మాట విని విని నన్ను నేను సోమరిగా లెక్కేసుకున్నాను. పెందలాడే లేచేవాళ్లు, రాత్రి పక్షులు అని మనుషుల్లో తేడా నిజంగానే ఉంది. దాన్ని తెలుసుకోవడానికి హోర్న్, ఆస్ట్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 1976లోనే 19 ప్రశ్నలతో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. నేను నింపి చూసుకుంటే అటు చివరకి వెళ్లి పడ్డాను. ఆ రోజు నుంచి సిగ్గుపడటం మానేశాను.

అందుకని నాది ఒకటే మాట. "ఉదయం" అంటే గడియారంలో ఐదో ఆరో కాదు, మీరు లేచిన తర్వాతి గంట. నాది తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. ఆ గంటలో పాట వినను, స్పీకర్ ఆన్ చేయను. చెవికి ఉపవాసం. కిటికీ తెరిచి పెట్టి కూర్చుంటాను, ఏది వినబడితే అది. అంతే నా రొటీన్.


రెండుభాషలు | మంగళవారం, మధ్యాహ్నం 3:35

"చెవికి ఉపవాసం" బాగుంది, ఎత్తుకెళ్తున్నాను.

సగంగీత గారూ, నేను అనువాదకురాలిని. మీరు రాసిందాంట్లో నాకు కనబడిన దొంగ ఒక్కడే: ఫోన్‌లో అలారం. మిగతావన్నీ దాని వెనకాలే ఇంట్లోకి వచ్చాయి. నేను ఒక మామూలు టేబుల్ గడియారం కొనుక్కుని ఫోన్‌ని రాత్రిపూట వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టడం మొదలుపెట్టాను. పక్కన లేకపోతే చూడాలన్న ఆలోచనే రాదని చెప్పను. వస్తుంది. మొదటి పదిరోజులు చెయ్యి తలగడ కింద వెతుక్కునేది. కానీ లేచి ఆ గదిదాకా వెళ్లాలి కదా అనే బద్ధకం నన్ను కాపాడింది. మన బద్ధకం మనకి పనికొచ్చేలా పెట్టుకోవాలి.

రెండోది. ముందురోజు అనువదించిన చివరి పేజీ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టి పడుకుంటాను, మీద ఒక పెన్సిల్. పొద్దున కంప్యూటర్ తెరవకుండా ఆ ఒక్క పేజీ పెన్సిల్‌తో దిద్దుతాను. కొత్తగా ఏమీ రాయక్కర్లేదు, ఉన్నదాన్నే చూసుకోవడం. నాలుగో వాక్యం దగ్గరికి వచ్చేసరికి నేను పనిలోకి వచ్చేసి ఉంటాను, వచ్చినట్టు కూడా తెలియదు.


లెక్కలోడు | మంగళవారం, రాత్రి 9:10

నేను ఇన్ఫోగ్రాఫిక్స్ (లెక్కల్ని బొమ్మల్లో చూపించేవి) చేస్తాను. ఆరోగ్య విషయాల మీద ఎక్కువ పని చేయడం వల్ల కొంత చదివాను, పనికొస్తుందేమో చూడండి.

నిద్ర లేచిన తర్వాత 30 నుంచి 45 నిమిషాల లోపల ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది. ఇది జబ్బు కాదు, ఒంటిని పగటికి తయారుచేసే రోజువారీ ఏర్పాటు. అదే సమయంలో బుర్ర మాత్రం ఇంకా సగం నిద్రలో ఉంటుంది. ఆ మత్తు పూర్తిగా వదలడానికి మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు, ఒక్కోసారి గంట పడుతుంది. అంటే ఒళ్లు పరిగెత్తడానికి సిద్ధం, బుర్ర నిర్ణయాలు తీసుకోవడానికి సిద్ధంగా లేదు. సరిగ్గా ఆ సందులో "ఈరోజు ఎన్నింటికల్లా ఇస్తారు?" అన్న మెసేజ్ వచ్చి పడితే దడ పుట్టకుండా ఎలా ఉంటుంది? (ఈ చివరి మాట నా ఊహ. సగంగీత గారూ, ఫోన్ చూడని రోజుల్లోనూ దడ అలాగే ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి. అన్నీ రొటీన్‌తో తగ్గేవి కావు.)

ఇంకోటి, వెలుగు. లోపలి గడియారానికి పగలయిందని చెప్పేది కంట్లో పడే వెలుగే. ఇంట్లో లైటు వేసుకుంటే మనకి అందేది వందల లక్స్‌లో (వెలుగుని కొలిచే లెక్క) ఉంటుంది. మబ్బు పట్టిన రోజైనా ఆరుబయట వేలల్లో ఉంటుంది. కాబట్టి గదిలో కూర్చుని ధ్యానం చేసినా మంచిదే కానీ, గుమ్మం బయట పది నిమిషాలు ఊరికే నిలబడినా అది ఒక పని కింద లెక్కే.


కట్‌పేస్ట్ | మంగళవారం, రాత్రి 9:31

ఊరికే నిలబడటం పని కింద లెక్కయితే నాకు అర్జెంటుగా ప్రమోషన్ ఇవ్వాలి.

సరదాకి అన్నాను గానీ ఒక డౌట్. ఫోన్ వేరే గదిలో పెడితే క్లయింట్ సంగతి? నా పనిలో ఎనిమిదింటికి జవాబివ్వకపోతే ఎనిమిదీ ఐదుకి ఇంకొకరికి ఫోన్ చేస్తారు. ప్రశాంతత బాగానే ఉంటుంది, పని ఉండదు.


రెండుభాషలు | బుధవారం, ఉదయం 10:15

నిజమే, నేనూ అదే భయంతో నాలుగేళ్లు గడిపాను. తర్వాత మెయిల్ కింద ఒక వాక్యం చేర్చాను: "ఉదయం 10 నుంచి జవాబులిస్తాను. అంతకుముందు అత్యవసరమైతే ఫోన్ చేయండి." ఒక్కరు కూడా ఫోన్ చేయలేదని చెబితే అబద్ధం. మొదటి నెలలో ఇద్దరు చేశారు. అందులో ఒకటి నిజంగా అత్యవసరం. ఒక క్లయింట్ మాత్రం మెల్లగా తగ్గించేసి వెళ్లిపోయారు. బాధపడ్డాను, లెక్క వేసుకుంటే ఆయన దగ్గర పని తక్కువ, మెసేజ్‌లు ఎక్కువ. అయినా ఆ నెల బాధపడ్డ మాట నిజం.

మీ ఫీల్డ్ వేరు కావచ్చు. రోజువారీ న్యూస్ వీడియోలు చేసేవాళ్లకి ఇది కుదరదు. కానీ అడిగి చూశారా ఎప్పుడైనా? చాలాసార్లు "ఎనిమిదింటికల్లా" అన్న రూల్ మనమే పెట్టుకుని, మనమే అలవాటు చేస్తాం. ఒకసారి రాత్రి పదకొండింటికి జవాబిచ్చామంటే, పదకొండింటికి జవాబిచ్చే మనిషి కింద జమ అయిపోతాం.


సగంగీత | బుధవారం, మధ్యాహ్నం 1:05

అందరికీ థాంక్స్. నిన్ననే గడియారం కొన్నాను. ఇప్పుడు జరిగింది చెబుతాను, నవ్వుకోండి.

అది టిక్ టిక్ అంటుంది. పగలు షాపులో వినబడలేదు. రాత్రి లైటు ఆపాక తల మీద ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు ఉంది. పన్నెండున్నరకి లేచి దాన్ని తువ్వాల్లో చుట్టి బీరువాలో బట్టల మధ్య పెట్టాను. హాయిగా నిద్ర పట్టింది. ఎంత హాయిగా అంటే పొద్దున అది మోగింది కూడా వినబడలేదు. తొమ్మిది ఇరవైకి లేచాను. ఫోన్ చూస్తే మూడు మిస్డ్ కాల్స్.

దడ మామూలు కంటే రెట్టింపు.


అర్ధరాత్రి_రాగం | బుధవారం, మధ్యాహ్నం 1:22

బట్టల మధ్య పెడితే శబ్దం ఎందుకు తగ్గిందో నన్నడిగితే గంట క్లాసు పీకుతాను, మా స్టూడియోలో గోడలకి కట్టేవి కూడా ఇంచుమించు అవే. ముల్లు లేని డిజిటల్ గడియారం తీసుకోండమ్మా.


పాతకుంచె | బుధవారం, సాయంత్రం 6:48

చాలా రోజులకి ఇటు వచ్చాను. ముప్ఫై ఏళ్లకి పైగా కుంచె పట్టిన చెయ్యి నాది. బోర్డులు రాశాను, కవర్లు వేశాను, ఇప్పుడు కాన్వాస్ మీద నాకు నచ్చినవి వేసుకుంటున్నాను. కంప్యూటర్ వాళ్ల సంగతి నాకు తెలియదు. తెలిసింది చెబుతాను.

సగంగీతమ్మా, నీ ఇబ్బంది పొద్దుటిది కాదు, ముందురోజు సాయంత్రానిది. నువ్వు పని ఎలా ఆపుతున్నావు? నా అంచనా, ఒంట్లో ఓపిక అయిపోయాక, కళ్లు మంటలు పుట్టాక, ఉన్నదున్నట్టు వదిలేసి మంచమెక్కుతున్నావు. పొద్దున టేబుల్ దగ్గరికి వస్తే నిన్నటి యుద్ధభూమి అలాగే ఉంటుంది. ఎండిపోయిన పాలెట్, మురికి నీళ్ల గ్లాసు. ఎవరికి కూర్చోబుద్ధేస్తుంది?

నేను చిన్నప్పుడు పని నేర్చుకున్న చోట సాయంత్రం వెలుగు తగ్గగానే కుంచెలు కడగాల్సిందే. మా గురువుగారు బొమ్మ చూసేవారు కాదు, కుంచెలు చూసేవారు. వెంట్రుకల మొదట్లో రంగు మిగిలిందా అని బొటనవేలితో నొక్కి చూసేవారు. కడగడం అయ్యాక ఇంకో పని ఉండేది: రేపు వేయబోయే మొదటి రంగు ఏదో చెప్పాలి. "రేపు ఆ ఆకుపచ్చ" అని. అంతే. అప్పుడు వెళ్లనిచ్చేవారు.

ఇప్పటికీ నేను చెట్టు వేస్తుంటే నాలుగు ఆకులు వేయకుండా వదిలేస్తాను. వేయలేక కాదు, కావాలనే. పొద్దున ఆ నాలుగు ఆకుల కోసం వస్తాను. కష్టమైన చోట ఆపితే పొద్దున కాలు రాదు. తేలికైన చోట, చెయ్యి ఊపు మీద ఉన్న చోట ఆపాలి. ఇది వింటే తలకిందులుగా అనిపిస్తుంది, చేసి చూడు.


లెక్కలోడు | బుధవారం, రాత్రి 8:02

పెద్దాయన చెప్పినదానికి ఊతంగా ఒక విషయం. 2018లో అమెరికాలో 57 మందితో ఒక చిన్న ప్రయోగం చేశారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు, కొందరు అప్పటికే పూర్తిచేసిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లకే త్వరగా నిద్ర పట్టింది. అందులోనూ ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. మనం అనుకునేది తలకిందులు కదా, రేపటి పనులు రాస్తే టెన్షన్ పెరుగుతుందని. కాగితం మీద పడ్డాక బుర్ర దాన్ని మోయడం మానేస్తుందేమో.

"రేపు ఆ ఆకుపచ్చ" కంటే వివరమైన లిస్టు ఏముంటుంది!


ఇద్దరిఅమ్మ | బుధవారం, రాత్రి 10:50

ఇప్పుడే పిల్లలు పడుకున్నారు, మొత్తం చదివాను. కోపం తెచ్చుకోకండి, ఇక్కడ ప్రశాంతమైన ఉదయం గురించి మాట్లాడుతున్న వాళ్లలో ఎవరికైనా చిన్నపిల్లలు ఉన్నారా?

నేను వెబ్‌సైట్లకి కంటెంట్ రాస్తాను. ఒకరికి మూడేళ్లు, ఒకరికి ఏడు. నేను ఐదింటికి లేస్తే చిన్నది ఐదూ ఐదుకి లేస్తుంది. నా అడుగు నేలకి ఆనిన చప్పుడు దానికి ఎలా వినబడుతుందో ఆ భగవంతుడికే తెలియాలి. గడియారం, ధ్యానం, పెన్సిల్ అంటే వినడానికి బాగుంటాయి. మా ఇంట్లో పొద్దున ఒక సాక్సు వెతకడంతోనే తెల్లారుతుంది. ఎప్పుడూ ఒకటే ఉంటుంది, రెండోది ఉండదు.

నేను పెట్టుకున్నది ఏంటంటే, నా ఉదయం తొమ్మిదీ పావుకి మొదలవుతుంది. పిల్లలిద్దరూ వెళ్లాక తలుపు గొళ్లెం పెట్టిన చప్పుడు వస్తుంది చూడండి, అదే నా అలారం. గొళ్లెం పెట్టి అక్కడే, చెప్పుల స్టాండు పక్కన నేల మీద కూర్చుంటాను. ఇల్లు సర్దను. చుట్టూ బొమ్మలు, తడి తువ్వాలు, తలకిందులుగా పడ్డ ఒక చిన్న బూటు. అన్నీ చూస్తూ పది నిమిషాలు. సర్దడం మొదలుపెడితే పన్నెండు అవుతుందని నాకు తెలుసు. పది నిమిషాలయ్యాక లేచి, సర్దకుండానే, లాప్‌టాప్ దగ్గరికి వెళ్తాను. సర్దకుండా వెళ్లడం నేర్చుకోవడానికే నాకు ఏడాది పట్టింది.


రెండుభాషలు | గురువారం, ఉదయం 10:04

ఇద్దరిఅమ్మ గారూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంట్లో నేనొక్కదాన్నే, పెన్సిల్ గొప్పలు చెప్పుకున్నాను.

మీరు మీ ఉదయాన్ని గొళ్లెం చప్పుడుకి కట్టుకున్నారు చూడండి, అసలు కిటుకు అదే అనిపిస్తోంది. ట్వైలా థార్ప్ అని అమెరికాలో పేరున్న కొరియోగ్రాఫర్ ఉన్నారు. రోజూ ఐదున్నరకి లేచి టాక్సీ ఎక్కి జిమ్‌కి వెళ్లేవారు. తన రొటీన్ అంటే జిమ్‌లో కసరత్తు కాదు, టాక్సీ ఎక్కడమే అంటారావిడ. ఎక్కేస్తే మిగతాది అదే జరిగిపోతుంది కాబట్టి. మీ గొళ్లెం కూడా అంతే.


లెక్కలోడు | గురువారం, ఉదయం 11:40

అవును. "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసుకున్నవాళ్లు "రోజూ చేస్తాను" అని ఊరికే అనుకున్నవాళ్లకంటే ఎక్కువగా చేయగలుగుతారని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి చెబుతూ వచ్చారు. గంట కొట్టడం కంటే గొళ్లెం పడటం నమ్మకమైనది. గడియారంలో ఏడు మనం నిద్రలో ఉండగానే దాటిపోవచ్చు, గొళ్లెం మాత్రం మనం పెడితేనే పడుతుంది.


మట్టిచేతులు | గురువారం, రాత్రి 7:30

కొత్తగా చేరాను. కుండలు, పింగాణీ పాత్రలు చేసి అమ్ముతాను. అందరూ ఫోన్, గడియారం, వెలుగు అంటున్నారు. ఎవరూ అనని మాట నేను అంటాను. డబ్బు.

నాకూ పొద్దున దడే ఉండేది. ఫోన్ వేరే గదిలో పెట్టాను, గంట ముందు లేచాను, ముక్కు మూసుకుని గాలి పీల్చాను. ఏమీ తగ్గలేదు. ఎందుకంటే నా దడ మెసేజ్‌ల వల్ల కాదు, వచ్చే నెల అద్దె ఎక్కడి నుంచి అనే దానివల్ల. జీతం తీసుకునేవాడికి నెలాఖరున ఒక్కరోజు ఉండే భయం మనకి రోజూ పొద్దున తలగడ మీదే ఉంటుంది. ఇద్దరు బాకీ ఉన్నారు, ఒకరు ఫోన్ ఎత్తడం లేదు. అలాంటప్పుడు ఏ ధ్యానం ఏం చేస్తుంది?

నాకు పనిచేసింది వింతగా ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు డబ్బుకి కేటాయించాను. రావాల్సింది ఎంత, ఇవ్వాల్సింది ఎంత, ఎన్ని వారాలకి సరిపడా చేతిలో ఉంది, ఎవరిని అడగాలి, అన్నీ ఒక నోట్‌బుక్‌లో. బాకీల ఫోన్లన్నీ అప్పుడే. మిగతా రోజుల్లో పొద్దున ఆ భయం వస్తే "శుక్రవారం చూద్దాం" అంటాను. మొదట్లో అది మాట వినలేదు. కానీ నాలుగైదు శుక్రవారాలు నిజంగానే కూర్చుని చూశాక వినడం మొదలుపెట్టింది. నేను మాట తప్పననే నమ్మకం దానికి కలగాలి కదా.

నోట్‌బుక్ చూసి సంతోషపడే రోజులు తక్కువే. కానీ ఐదు వారాలకి సరిపడా ఉంది అని తెలియడం వేరు, ఎంతుందో తెలియకుండా భయపడటం వేరు.


కట్‌పేస్ట్ | గురువారం, రాత్రి 8:15

ఈ పోస్టు చదివి లేచి వెళ్లి బ్యాలెన్స్ చూసుకున్నాను. రెండు నెలలుగా చూడలేదు. అనుకున్నంత దారుణంగా లేదు, అనుకున్నంత బాగానూ లేదు. అంతే ఉంది.

మట్టిచేతులు అన్నా, థాంక్స్.


తెల్లారి_ఐదు | శుక్రవారం, ఉదయం 8:40

టైమ్ చూశారుగా. ఎనిమిదీ నలభై.

నిజం చెప్పేస్తాను. రెండేళ్లుగా అని రాశాను కదా, పూర్తిగా నిజం కాదు. ఎనిమిది నెలలు చేశాను, ఒకసారి జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆగింది, ఆ బాధలో రెండు నెలలు మొత్తం మానేశాను. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ ఒక రోజు తప్పింది, మళ్లీ మానేశాను. చేసిన రోజుల్లో గర్వం, చేయని రోజుల్లో నా మీద నాకే అసహ్యం. మీ అందరి పోస్టులు చదువుతుంటే నా లిస్టులో ప్రశాంతత ఎక్కడుంది అనిపించింది. పరీక్షకి తయారవుతున్నట్టు ఉంది.

డైరీ రాయడం ఒక్కటి నాకు నిజంగా ఇష్టం. మిగతావి ఎవరో చెబితే చేర్చుకున్నవి. చన్నీళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు.


లెక్కలోడు | శుక్రవారం, ఉదయం 9:25

అన్నా, ఇంత నిజాయితీగా రాసినందుకు దండం. ఒక్క రోజు తప్పితే మొత్తం పోయినట్టు కాదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం ఒకటి 2010లో అచ్చయింది. కొత్త అలవాటు తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కానీ మనిషికీ మనిషికీ తేడా చూడండి: 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటానికి పెద్ద దెబ్బేమీ తగల్లేదు. 21 రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందనే లెక్క ఎక్కడ పుట్టిందో గానీ చాలామందిని ఏడిపించింది.


పాతకుంచె | శుక్రవారం, సాయంత్రం 5:55

తెల్లారి బాబూ, నచ్చిన డైరీ ఒక్కటీ ఉంచుకో. మిగతావి కడిగెయ్యి, కుంచెల్లాగే.


సగంగీత | మూడు వారాలు దాటాక, ఆదివారం, ఉదయం 11:15

థ్రెడ్‌ని మళ్లీ పైకి తెస్తున్నాను, ఏమనుకోకండి. ఏం జరిగిందో చెప్పకుండా మాయమైతే బాగోదని.

డిజిటల్ గడియారం వచ్చింది. ఫోన్ రాత్రిపూట హాల్లో పడుకుంటోంది. పదికి ముందు మెసేజ్‌లు చూడను అని పెట్టుకున్నాను. ఇరవై నాలుగు రోజుల్లో పదిహేడు రోజులు నిలబెట్టుకున్నాను. మిగతా ఏడు రోజుల్లో రెండు రోజులు నిజంగా డెడ్‌లైన్లు, ఐదు రోజులు ఊరికే వేలు దురద.

పాతకుంచె గారూ, మీరు చెప్పినట్టు పాలెట్ కడిగి పడుకోవడం మొదలుపెట్టాను. అది అంత తేలిక కాదు, రాత్రి పదకొండింటికి ఎవరికి కడగాలనిపిస్తుంది? అందుకని పనే తొమ్మిదికి ఆపాల్సి వచ్చింది. మీరు కుంచెల పేరు చెప్పి నన్ను త్వరగా పడుకోబెట్టారని ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు చేస్తున్న పుస్తకంలో ఒక ఏనుగు ఉంది. దాని తోక చివర కుచ్చు వేయకుండా వదిలి పడుకున్నాను మొన్న. పొద్దున పళ్లు తోముకుంటూ ఆ కుచ్చు గురించే ఆలోచిస్తున్నాను. దడ లేదని కాదు. దడ వచ్చేలోపే నేను ఏనుగు దగ్గరికి వెళ్లిపోయాను.

ఇంకొకటి నేనే కలుపుకున్నాను. లేచాక కిటికీ దగ్గర కూర్చుని, ఒకవైపు వాడేసిన కాగితాల మీద ఎదురుగా ఏదుంటే అది గీస్తాను. పది నిమిషాలు, రబ్బర్ వాడకూడదు. రోజూ అదే గ్లాసు కనబడుతోంది కాబట్టి పద్దెనిమిది గ్లాసులు గీశాను. ఎవరికీ పంపక్కర్లేదు, ఎవరూ "చిన్న మార్పు" అనరు. మొదటి గ్లాసుల అంచులు గుండ్రంగా, బుద్ధిగా ఉన్నాయి. పన్నెండో దాని నుంచి వంకరపోయాయి. వంకరవే బాగున్నాయి.

శుక్రవారం నోట్‌బుక్ రెండుసార్లు చేశాను. రెండుసార్లూ కడుపులో తిప్పింది. కానీ ఒక పాత బాకీ వసూలైంది, ఊరికే అడిగితేనే. అడగకుండా ఆర్నెల్లు దాన్ని తలుచుకుని నిద్ర పాడుచేసుకున్నాను.

ఒక్క సమస్య మిగిలింది. ఆ డిజిటల్ గడియారం అంకెలు ఎర్రగా వెలుగుతున్నాయి. రాత్రి మెలకువ వస్తే గోడంతా ఎర్రగా ఉంటోంది.


అర్ధరాత్రి_రాగం | ఆదివారం, ఉదయం 11:50

గోడవైపు తిప్పిపెట్టండమ్మా. అప్పుడూ గోడ ఎర్రగా కనబడితే అంకెల మీద ఒక టేపు ముక్క. బీరువాలో మాత్రం పెట్టొద్దు.


ఇద్దరిఅమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఏనుగు తోక మా చిన్నదానికి చూపించాలి, పుస్తకం వచ్చాక చెప్పండి.

మా ఇంట్లో సాక్సు ఇంకా దొరకలేదు.


కట్‌పేస్ట్ | ఆదివారం, రాత్రి 9:05

నా అప్‌డేట్ కూడా రాసుకోండి. నిన్న మంచాన్ని అవతలి గోడకి జరిపాను, మానిటర్‌ని అటు తిప్పేశాను. నాలుగు అడుగులు ఇప్పుడు ఏడయ్యాయి. రాత్రి రెండర్ మధ్యలో ఆగిపోయిందట. నాకు తెలిసేసరికి పదిన్నర.